గోఖలే నిర్బంధ విద్యాబిల్లు: అందలి ఆర్థిక వాదముల విమర్శ

గోపాలకృష్ణ గోఖలే యనగానే మన తెలుగువారికి గాంధీ మహాత్ముని రాజకీయ గురువు జ్ఞప్తికి వచ్చును. భారత సేవక సంఘము జ్ఞప్తికి వచ్చును. ఆయన జీవితములో అధికభాగము లెక్కలతో గడచినదను సంగతి అంతగా స్ఫురింపదు. పూనాలోని ఫెర్గుసన్ కళాశాలలో గణితము బోధించి, పాఠశాల బాలురకు అంకగణిత పుస్తకము వ్రాసి, పిమ్మట చరిత్రార్థశాస్త్రములు చెప్పిన ఈ ఉపాధ్యాయుడు 1901 డిసెంబరులో వైస్రాయి శాసనసభకు ఎన్నికయ్యెను. ఆ సభలో ఆయన చేసిన ప్రసంగములను చదువునపుడు అడుగడుగున ఒక లెక్కల మాస్టరు కంఠము వినవచ్చును. అలంకారములు తక్కువ, అంకెలు మెండు. ప్రతిపక్షి మాటను కోపముతో ఖండించుటకంటె, అతని లెక్కలోని తప్పును నల్లబల్లపై చూపినట్లు చూపుటయే ఆయన పద్ధతి.

విద్యకు ప్రభుత్వధనము ఎంత వెచ్చింపవలెను, అది ఎవరి జేబునుండి రావలెను అను ప్రశ్నలకు భారతదేశపు శాసనసభలో సమగ్రమైన సమాధానమును మొదట నిర్మించినవాడు గోఖలే. ఆ సమాధానమునకు శాసనరూపము 1911 మార్చి 16న ఆయన ప్రవేశపెట్టిన ప్రాథమిక విద్యాబిల్లు. మరుసటి సంవత్సరము మార్చి 19న ఆ బిల్లు సెలెక్టు కమిటీకి పోవుటకైనను నోచుకొనక, 13 ఓట్లకు 38 ఓట్లతో ఓడిపోయెను. ఓడిన బిల్లు కావున దానిని కీర్తించుట సులభము. కీర్తించినవారు చాలమంది కలరు. దాని లెక్కలను విప్పి చూచినవారు తక్కువ.

బిల్లునకు మూలము 1902 మార్చి 26 నాటి ఆయన తొలి బడ్జెటు ప్రసంగమునందే కనబడును. ఆనాడు ప్రభుత్వము తన ఖజానాలో మిగులు కలదని సంతోషించుచుండెను. గోఖలే వాదము విచిత్రముగా తోచునంత సరళమైనది: ఖజానాలో మిగులు ఉన్నంత మాత్రమున దేశములో సంపద ఉన్నట్లు కాదు. 1893లో టంకశాలలను మూసి రూపాయి విలువను కృత్రిమముగా 1 షిల్లింగు 4 పెన్నీలకు లేవనెత్తిన తరువాత, ఇంగ్లండునకు పంపవలసిన సొమ్ముకు రూపాయలు తక్కువ పట్టెను. రూపాయి చవుకగా నున్న దినములలో విధించిన పన్నులు మాత్రము అట్లే నిలిచెను. 1899-1900లో మధ్యపరగణాలు మొదలగు ప్రాంతములు క్షామమున మాడుచుండగా ఖజానా నిండుట ఇందువలననే. కావున మిగులు ప్రజలది. పన్ను తగ్గించి యైనను, వారి విద్యకును ఆరోగ్యమునకును వెచ్చించి యైనను తిరిగి ఈయవలెను. ఉప్పు పన్ను మణుగునకు రెండున్నర రూపాయలనుండి 1903లో రెండు, 1905లో ఒకటిన్నర, 1907లో ఒక రూపాయికి దిగుట ఈ వాదపరంపర తరువాతనే జరిగెను. మిగులును రైలుమార్గముల మూలధనముగా మార్చు పద్ధతినికూడ ఆయన పలుమారులు ఆక్షేపించెను. రైళ్లకు అప్పు తేవచ్చును, అప్పును రైళ్లే తీర్చుకొనును. పాఠశాలలకు అప్పిచ్చువాడు లేడు. కావున వార్షికాదాయపు మిగులు పాఠశాలలకు చెందవలెననుట ఆ ఆక్షేపణలోని సారము.

1910 మార్చిలో ఆయన తొలుత ఒక తీర్మానము తెచ్చెను. అందు ఆయన వల్లించిన పట్టిక నేటికిని చదువదగినది. ప్రాథమిక విద్యకై జనాభాలో తలకు అమెరికా 16 షిల్లింగులును, ఇంగ్లండు వేల్సులు 10 షిల్లింగులును ఖర్చు పెట్టుచుండగా, వెనుకబడిన రష్యా ఏడున్నర పెన్నీలు పెట్టుచుండెను. హిందూదేశము పెట్టినది ఒక్క పెన్నీ. బరోడా సంస్థానపు ఖర్చు ఆరున్నర పెన్నీలు. ఈ పట్టికలో గోఖలే చాతుర్యము ఇంగ్లండును చూపుటలో లేదు. ఇంగ్లండు ధనికదేశమని ఎవరైనను తప్పించుకొందురు. రష్యాను, బరోడాను చూపుటలోనే ఆ చాతుర్యమున్నది. బరోడా ఇచ్చటి నేలయే, ఇచ్చటి ప్రజలే, వానలును ఇచ్చటివే. సయాజీరావు గైక్వాడు మహారాజు 1893లో అమ్రేలీ ప్రాంతమున పరీక్షించి, 1906లో సంస్థానమంతటను నిర్బంధ ఉచిత విద్యను అమలుపరచెను. చదువు వయస్సుగల బాలురలో అచ్చట నూటికి సుమారు 80 మంది బడిలో నుండగా, బ్రిటిషు ఇండియాలో సుమారు 21 మంది మాత్రమే యుండిరి. ధనము లేదను వాదమునకు ఇంతకంటె సమాధానము వేరొకటి అక్కరలేదు.

ఇక బిల్లు. ఆరు మొదలు పదేండ్ల వయస్సుగల బాలురకు నాలుగేండ్ల చదువు నిర్బంధము. ఆ నిర్బంధమును అమలుపరచునది ప్రభుత్వము కాదు. మునిసిపాలిటీయో, జిల్లా బోర్డో తనంత తాను కోరి, ప్రభుత్వానుమతి పొంది అమలుపరచుకొనవలెను. అదియును, ఆ ప్రాంతమున బాలురలో నూటికి 33 మంది అప్పటికే బడికి పోవుచున్న యెడలనే. నెలకు 10 రూపాయలు మించని ఆదాయముగల తండ్రుల బిడ్డలకు జీతము మినహాయింపు. అవసరమైనచో స్థానికసంస్థ విద్యాపన్ను వేసికొనవచ్చును. ఖర్చు లెక్క ఇట్లుండెను: బడికి రావలసిన బాలురు 1 కోటి 25 లక్షలు, తలకు సంవత్సరమునకు 5 రూపాయల చొప్పున ఆరుంబావు కోట్లు, అప్పటికే ఖర్చగుచున్నది ఒకటిముప్పావు కోట్లు, కొత్తగా కావలసినది నాలుగున్నర కోట్లు. ఇందు మూడింట రెండు వంతులు, అనగా 3 కోట్లు ప్రభుత్వమును, తక్కిన ఒకటిన్నర కోట్లు స్థానికసంస్థలును భరింపవలెను. ఇదియైనను ఒక్కసారిగా కాదు, పది సంవత్సరములలో క్రమముగా. చాలనిచో దిగుమతి సుంకమును నూటికి 5 నుండి ఏడున్నరకు పెంచవచ్చునని సూచన.

దిగుమతి సుంకమును ఎన్నుకొనుటలో ఆయన ఆర్థికదృష్టి స్పష్టపడుచున్నది. జీవితమంతయు ఉప్పు పన్నుతో పోరాడిన మనుష్యుడు పేదవాని గంజిలోనుండి పేదవాని బిడ్డకు పలక కొనిపెట్టుమనడు. దిగుమతి సరుకుల భారము కొంతయైనను కలిగినవారిపై ఎక్కువగా పడును. సుంకము పెరిగినచో స్వదేశి పరిశ్రమకు కొంత చేయూతయు కలుగును. ఈ రెండవ ఫలితమును గోఖలే బిగ్గరగా చెప్పలేదుకాని, మాంచెస్టరు వర్తకుల చెవులకు అది వినబడకపోవుట అసంభవము.

సభలో వచ్చిన అభ్యంతరములు తెలిసినవే: ధనము లేదు, ఉపాధ్యాయులు లేరు, ప్రజలు కోరుటలేదు, నిర్బంధమువలన అలజడి కలుగును. ప్రభుత్వసభ్యులతోపాటు భూస్వాములు కొందరు కూడ చేరిరి. మదనమోహన మాలవీయుడు, జిన్నా మున్నగువారు బిల్లును బలపరచిరి. మూడు కోట్లు తెచ్చుట సామ్రాజ్యపు ఖజానాకు అంతటి దుస్సాధ్యమా యని జిన్నా నిలదీసెను. ఓటమిని ముందే ఎరిగి గోఖలే పలికిన ముగింపు వాక్యములు తరచుగా ఉదాహరింపబడుచుండును. ఆ వాక్యములు గంభీరమైనవే. కాని బిల్లునకు అసలైన సమర్థన నాలుగేండ్ల తరువాత, ఆయన 1915లో గతించిన పిమ్మట, ప్రభుత్వమే సమకూర్చెను. 1916 బడ్జెటులో సామాన్య దిగుమతి సుంకము నూటికి 5 నుండి సరిగా ఏడున్నరకు పెరిగెను. యుద్ధవ్యయమునకై! మరుసటి సంవత్సరము హిందూదేశము బ్రిటిషు యుద్ధనిధికి 10 కోట్ల పౌనుల కానుక నిచ్చుటకు ఒప్పుకొన్నది. 1912లో దేశము మోయలేనిదని చెప్పబడిన సుంకమును 1916లో దేశము మోసెను. ధనము లేదనుట అబద్ధమని నిరూపించుటకు గోఖలే లెక్కలన్నియు చేయలేని పనిని ఒక్క సుంకపు పట్టిక చేసెను.

ఇంతవరకు ప్రశంస. అయితే ఈ లెక్క ఎట్లు సరిపడినదో చూడవలెను. మొదటి సంగతి బాలికలు. గోఖలే బిల్లు బాలికలకు నిర్బంధమును తరువాతి కాలమునకు వాయిదా వేసెను. సాంఘికమైన చిక్కులు కలవని ఆయన చెప్పిన సమాధానము ఆనాటికి వినదగినదే కావచ్చును. కాని తాను మాటిమాటికి సాక్ష్యమునకు పిలిచిన బరోడా శాసనము బాలికలనుకూడ నిర్బంధించినది. బాలికలను బాలురంతమందినే చేర్చినచో కొత్తఖర్చు నాలుగున్నర కోట్లు కాదు, పది కోట్లు దాటును. అనగా ఆ లెక్క సరిపోయినది లెక్కింపవలసిన బిడ్డలలో సగముమందిని విడిచిపెట్టినందువలన. సాంఘిక కారణముగా చెప్పబడినది ఆర్థిక కారణముగా కూడ పనికివచ్చినదను అనుమానమునకు తావున్నది.

రెండవది కూలి. బడికి పోవు బిడ్డ పశువుల వెంట పోడు, కలుపు తీయడు, చెల్లెలిని ఎత్తుకొనడు. ఈ నష్టమును భూస్వాములు సభలో ఎత్తి చూపిరి. వారి ఉద్దేశము చవుక కూలీలను పోగొట్టుకొనకుండుట; అందు సందేహము లేదు. కాని ఉద్దేశము చెడ్డదైనంతమాత్రమున లెక్క తప్పుకాదు. తలకు 5 రూపాయలలో ఉపాధ్యాయుని జీతము కలదుకాని, తండ్రి కోల్పోవు బిడ్డ కూలి లేదు. దీనికి విరుగుడు ఒక తెలుగువాడు చూపెను. 1920లో మదరాసు నగర సంస్థకు అధ్యక్షుడైన సర్ పిట్టి త్యాగరాయశెట్టి గారు థౌజండ్ లైట్సు పాఠశాలలో మధ్యాహ్న భోజనము ఏర్పాటు చేయించెను. పళ్ళెములో వడ్డించిన అన్నము బిడ్డ కూలిలో కొంత భాగమునకు సమానమని పేదతల్లికి ఎవరును చెప్పవలసిన పని లేదు.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. చాందా జిల్లావంటి చోట్లనుండి చూచినగాని కనబడనిది. 1964 ప్రాంతమున చంద్రపూరుగా పేరు మారిన ఈ చాందా, గోఖలే కాలమున మధ్యపరగణాలలోని అడవి జిల్లా. దక్షిణమున సిరొంచ వరకు, అనగా గోదావరి గట్టు వరకు వ్యాపించి, అచ్చట తెలుగువారితోను, నడుమ గోండులతోను, ఉత్తరమున మరాఠీవారితోను నిండియుండెను. ఇట్టి జిల్లాకు నూటికి 33 అను నిబంధన ఏమి చేయును? ముందే మూడింట ఒకవంతు బాలురు బడికి పోవుచున్న పట్టణమునకు నిర్బంధమును, దాని వెంట ప్రభుత్వపు రెండు వంతుల సాయమును లభించును. ఆ మెట్టు ఎక్కలేని ప్రాంతము అట్లే యుండును. ఎక్కుటకు కావలసిన బడులు లేవు కావున ఎక్కలేదు, ఎక్కలేదు కావున బడులు రావు. పెండ్లి కుదిరినగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరినగాని పెండ్లి కుదరదు అన్నట్లున్నది. మూడింట ఒకవంతు స్థానిక భాగము సంగతియు ఇంతే. పన్ను వేసికొనగల ఊరికే సాయము. పన్నునకు తగిన ఆస్తిలేని ఊరికి సాయము లేదు. చూచుటకు అందరికి ఒకటే నిష్పత్తి. కాని నిష్పత్తి సమానమైనంతమాత్రమున న్యాయము సమానము కాదు.

తలకు 5 రూపాయలు అనునదియు సగటు. సగటులు కిక్కిరిసిన ఊళ్లలో నిజమగును. పదునైదుగురు బాలురున్న అడవిపల్లెకు ఆ లెక్కన సంవత్సరమునకు వచ్చునది 75 రూపాయలు, అనగా నెలకు ఆరుంబావు. దక్కను విద్యాసంఘమున త్యాగబుద్ధితో తక్కువ జీతము స్వీకరించిన గోఖలే కొక నెలకు ముట్టినది సరిగా ఆ 75 రూపాయలే. ఆయన ఒక నెల త్యాగము ఒక పల్లెబడికి సంవత్సరపు ఆదాయమన్నమాట. ఇది ఆయనను ఎత్తిపొడుచుటకు కాదు. చిన్నబడి ఖర్చు తలల లెక్కకు లొంగదనుటకు. పదునైదుగురికైనను, నలువదిమందికైనను ఉపాధ్యాయుడు ఒక్కడే కావలెను.

వార్ధానది ఆవలి గట్టున మరియొక సంగతి. రాజూరా తాలూకా అప్పుడు నైజాము రాజ్యములోనిది; 1959లోగాని అది నాందేడు జిల్లానుండి ఈ జిల్లాకు రాలేదు. గోఖలే బిల్లు నెగ్గియున్నను నది దాటి పోయెడిది కాదు. ఈవలి గట్టు తెలుగు బిడ్డకు బడి యున్నచో అందు మరాఠీ. ఆవలి గట్టు బిడ్డకు పై చదువులన్నియు ఉర్దూ. నిర్బంధము ఏ భాషలోనను ప్రశ్న గోఖలే ప్రసంగములలో ప్రధానచర్చకు రాలేదు. ఏకభాషా ప్రాంతమైన పూనానుండి చూచువానికి అది ప్రశ్నగా తోచకపోవుట సహజము. సిరొంచనుండి చూచువానికి అదియే మొదటి ప్రశ్న.

బిల్లు చచ్చినను దాని అస్థిపంజరము మిగిలెను. 1918లో విఠల్‌భాయి పటేలు బొంబాయి మునిసిపాలిటీల కొరకు శాసనము చేయించెను. 1920లో మధ్యపరగణాలకును, మదరాసునకును ప్రాథమిక విద్యాశాసనములు వచ్చినవి. అన్నియు స్థానికసంస్థల ఇష్టముపై ఆధారపడినవే. అప్పుడు వచ్చిన ద్వంద్వప్రభుత్వమున విద్య మంత్రుల కిచ్చి, ఖజానా తాళపుచెవి గవర్నరు పక్షమున నుంచిరి. గోఖలే మూడింట రెండు వంతులు అడిగినచోట మంత్రులు నాలుగణాలకు చేయి చాపవలసివచ్చెను.

ఈ దుస్థితిని మదరాసు శాసనసభలో కూర్చుండి చూచినవాడు కట్టమంచి రామలింగారెడ్డి గారు. తెలుగున భారత అర్థశాస్త్రము వ్రాసిన ఆయన, బరోడాలోను, మైసూరులోను విద్యాశాఖల అనుభవము గడించినవాడు. ఆయన గ్రంథమును వెలువరించిన విజ్ఞానచంద్రికా మండలికి ప్రాణమైన కొమర్రాజు లక్ష్మణరావు గారు నాగపురమున చదివినవారనుట విదర్భ తెలుగువారు గర్వింపదగిన విషయము. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు తొలి ఉపాధ్యక్షుడైన పిమ్మట రెడ్డిగారి ముందున్న సమస్య గోఖలే సమస్యకు పైయంతస్తు: ప్రాథమిక విద్యకే ధనములేదను ప్రభుత్వము పరిశోధనకు ఇచ్చునా? ఆ విశ్వవిద్యాలయపు విజ్ఞానశాస్త్ర కళాశాలను నిలబెట్టినది జయపురము మహారాజు విక్రమదేవవర్మ గారు ఏటేట ఒక లక్ష రూపాయల చొప్పున ఒసగిన విరాళము. పూనాలో గోఖలే పేరనే 1930లో వెలసిన రాజకీయార్థశాస్త్ర పరిశోధనాలయముకూడ ఆర్. ఆర్. కాళే గారి విరాళమువలన ఏర్పడినది. నాసికమున పుట్టిన ధనంజయ గాడ్గీళ్ గారు దానికి తొలి సంచాలకుడు. ప్రభుత్వధనమునకై జీవితమంతయు వాదించినవాని పేర పరిశోధనాలయము ఒక దాత దయవలన లేచుట వింతగానే యున్నది. దాతలు లేనిచో ఆ రెండును లేవు, అది నిజము. కాని జమీందారుల దయపై ఆధారపడిన శాస్త్రము జమీందారీలున్న చోటనే పెరుగును. చాందా అడవుల బొగ్గును, ఖనిజములను, గోండుల భాషను పరిశోధించుటకు అట్టి దాత దొరకలేదు.

స్వాతంత్ర్యానంతరము లెక్క మారెను. దాని ఆకారము మాత్రము పూర్తిగా మారలేదు. 1964-66 కొఠారి సంఘము విద్యకు జాతీయాదాయములో నూటికి 6 వంతులు వెచ్చింపవలెనని చెప్పెను. 2020 జాతీయ విద్యావిధానము ఆ అంకెనే మరల పేర్కొనెను. 2009 విద్యాహక్కు శాసనము బాలికలను కలుపుకొని 6 మొదలు 14 ఏండ్ల వారికందరికి వర్తించెను. దాని అమలుకై 2010లో కేంద్రము 65, రాష్ట్రములు 35 పాలు భరించునట్లు ఏర్పాటు జరిగెను. గోఖలే అడిగిన రెండు వంతులకు ఇది దాపునకు వచ్చినది. తొంబది తొమ్మిది సంవత్సరములు పట్టెను. 2015-16 నుండి అది 60, 40కి తగ్గెను. 2023లో శాసనముచే ఏర్పడిన జాతీయ పరిశోధన సంస్థకు ఐదేండ్లకు అంచనా వేసిన 50,000 కోట్లలో సుమారు 36,000 కోట్లు పరిశ్రమలు మొదలగు ప్రభుత్వేతర మార్గములనుండి రావలెనట. నిష్పత్తి తలక్రిందులైనది. జయపురము మహారాజు స్థానమున పరిశ్రమాధిపతి వచ్చి కూర్చుండవలెనని ఆశ. లాభమునకు దగ్గరగానున్న పరిశోధనకు ఆయన రావచ్చును. మైనారిటీ భాషల పాఠ్యపుస్తకములకును, మాండలిక నిఘంటువులకును వచ్చునా యనుట సందేహము.

భాషాసంగతి రాజ్యాంగము మరువలేదు. 1956లో చేర్చిన 350-ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపవలెనని రాష్ట్రములను ఆదేశించినది. కాని అంతకుముందే, 1949లో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము అంకెను నిర్ణయించియుండెను: పాఠశాలలో 40 మందియో, తరగతిలో 10 మందియో ఆ భాషవారున్నచో ఒక ఉపాధ్యాయుని నియమింపవలెను. ఇది 33కు తమ్ముడు. మెట్టు ఎక్కినవారికి సాయము, ఎక్కనివారికి నిరీక్షణ. గోఖలే దానిని జాగ్రత్తకొరకు, శత్రువుల నోరు మూయుటకొరకు పెట్టెను. ఆయన బిల్లు పోయినను ఆ పద్ధతి పరిపాలకుల అలవాటుగా నిలిచెను.

బల్లార్‌పూరు కాగితపు మిల్లునకును, చుట్టుపట్ల బొగ్గుగనులకును పనికై వచ్చిన తెలుగు కుటుంబములు ఒకచోట స్థిరముగా నిలుచునవి కావు. గని మూతపడినచో, తండ్రికి బదిలీ అయినచో, తరగతిలోని పదిమంది తొమ్మిదిమంది యగుదురు. ఆ తొమ్మిదిమందికిని బోధింపవలసిన పాఠములు పదిమందికి బోధించినన్నియే. వారికి కావలసిన పుస్తకములు, గది, నల్లబల్ల, ఉపాధ్యాయుడు మునుపటివలెనే కావలెను. ఖర్చు తగ్గలేదు, తలల లెక్క మాత్రము తగ్గినది.